తుప్పు పట్టిన మూడు బ్లేడ్ల చాకు, మళ్లీ జేబులోకి వచ్చేదాకా

రోజు 1

చాకు చేతికొచ్చింది. పాతకాలపు మడత చాకులు రోజూ జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లం కొందరం ఉన్నాం, ఎవరు కలిసినా ముందు అడిగేది "ఇవాళ జేబులో ఏముంది?" అనే. అందులో ఒకాయన పాత పనిముట్ల పెట్టె సర్దుతుంటే అడుగున ఇది దొరికిందట, తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒక్కటే షరతు: తళతళలాడించి అద్దాల బీరువాలో పెట్టకూడదు, పనికొచ్చేలా చేసి జేబులో మోయాలి. నెల రోజుల్లో చూపిస్తానని మాటిచ్చాను.

మూసినప్పుడు పొడవు 9 సెంటీమీటర్లు. స్టాక్‌మన్ రకం, అంటే పశువుల మందలు చూసుకునేవాళ్ల పనికి తగ్గట్టు రూపుదిద్దుకున్న మూడు బ్లేడ్ల చాకు. పెద్దది క్లిప్, మొన దగ్గర వెన్ను కాస్త లోపలికి కోసినట్టుంటుంది. రెండోది షీప్స్‌ఫుట్, దీని అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, వెన్నే కిందికి వంగి అంచును కలుస్తుంది. మూడోది స్పే, మొన మొద్దుగా ఉంటుంది, ఎందుకంటే పశువులకు విత్తులు తీసేటప్పుడు పొరపాటున గుచ్చుకోకూడదు. పిడికి రెండు వైపులా గాట్లు పెట్టిన ఎముక, రెండు చివర్లా నికెల్ సిల్వర్ టోపీలు (పేరులో వెండి ఉంది గానీ అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం), లోపల ఇత్తడి రేకులు.

ఉన్న పరిస్థితి చెప్తాను. క్లిప్ సగం దాకా తెరుచుకుని ఆగిపోతోంది. స్పే అసలు కదలడం లేదు. షీప్స్‌ఫుట్ మాత్రం తెరుచుకుంటోంది, అది బాగా అరిగిపోయి ఉంది, మిగతా రెండింటి కన్నా ఎంతో సన్నబడింది. అంటే ఇంతకుముందు దీన్ని వాడినవాళ్లకి చదునైన చోట పెట్టి తిన్నగా కోసే పని ఎక్కువ అన్నమాట. స్పే మీద సాన పట్టిన గీతలు కూడా లేవు, ఫ్యాక్టరీ అంచు అలాగే ఉంది. ఎవరో తెలియని మనిషి రోజువారీ పని మొత్తం ఈ మూడు బ్లేడ్ల అరుగుదలలో కనిపిస్తోంది, చాలాసేపు అదే చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ చేసింది ఒక్కటే. మూడు బ్లేడ్ల కీళ్ల దగ్గర కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు వేసి, నూనె లోపలికి దిగేలా కీళ్ల వైపు కిందికి పెట్టి నిలబెట్టి వదిలేశాను. బలవంతంగా లాగలేదు. గోరు విరగడం చిన్న విషయం, పట్టకారుతో లాగితే బ్లేడు మీద ఎప్పటికీ పోని పంటిగాట్లు పడతాయి, అలా పాడైన మంచి చాకులు చాలా చూశాను. మొత్తం చాకుని నూనెలోనో నీళ్లలోనో ముంచేయమని కొందరు చెప్తారు. ఎముక పిడి ఉంటే ఆ పని చెయ్యకండి, ఎముక నీళ్లు పీల్చి ఉబ్బి, ఆరేటప్పుడు మేకుల దగ్గర చీలుతుంది.

రోజు 2, 3

రెండో రోజు పొద్దున స్పే ఒక వెంట్రుకవాసి కదిలింది. ఇంకో రెండు చుక్కలు. సాయంత్రానికి సగం. మూడో రోజు మధ్యాహ్నం టక్‌మని పూర్తిగా తెరుచుకుంది, ప్రాణం లేచొచ్చింది.

ఇక కడుగుడు. నూనె వెయ్యడం, పాతికసార్లు తెరిచి మూయడం, కీలు పక్కనుంచి కారే నల్లటి జిగురుని గుడ్డతో తుడవడం, మళ్లీ నూనె. మొదట్లో వచ్చింది తారులా ఉంది, అందులో తుప్పు పొడి, జేబులోని బట్ట పీచు, ఎండిపోయిన పాత నూనె అన్నీ కలిసి ఉన్నాయి. పళ్లపుల్లని చదునుగా చెక్కి, దానికి గుడ్డ పీలిక చుట్టి బ్లేడ్లు కూర్చునే గాడి అడుగు వరకు దింపి లాగాను, చిన్న చెంచాడు చెత్త వచ్చింది. ఎనిమిదో విడతకి నూనె తేనె రంగులోకి దిగింది, పదకొండో విడతకి గుడ్డ మీద మరక పడలేదు.

అప్పుడు వినిపించింది అసలు శబ్దం. మా వాళ్లు దీన్ని వాక్ అండ్ టాక్ అంటారు, అంటే చాకు నడక, పలుకు. స్లిప్‌జాయింట్ చాకులో తాళం ఉండదు, వెన్నులో ఉన్న స్ప్రింగే బ్లేడు మొదలుని నొక్కి పట్టుకుంటుంది. మొదలులో చదునైన వైపు స్ప్రింగ్ మీద కూర్చున్నప్పుడు బ్లేడు నిలబడుతుంది, తిప్పుతుంటే మూల వచ్చి స్ప్రింగ్‌ని పైకి లేపుతుంది, మూల దాటగానే స్ప్రింగ్ పడుతుంది, ఆ పడే చప్పుడే పలుకు. షీప్స్‌ఫుట్ కొంచెం మెత్తగా పలుకుతోంది, ఎన్ని వేలసార్లు తెరిచారో, ఆ మూల అరిగింది. స్పే మాత్రం కొత్త తాళంలా పలికింది.

రోజు 4

తుప్పు రోజు. ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి అన్నది తేల్చుకోవాల్సింది ఇక్కడే, ఈ పనిలో నాకు గట్టి అభిప్రాయాలున్నదీ ఇక్కడే.

ఈ బ్లేడ్లు కార్బన్ స్టీలువి, అంటే తుప్పు పట్టే రకం, దాని మీద రెండు రకాల రంగు ఉంటుంది. ఎర్రగా, పొడిపొడిగా, వేలికి అంటుకునేది తుప్పు, అది తేమని పట్టుకుని కిందికి తింటూనే పోతుంది. బూడిదరంగులోనో నీలంగానో నల్లగానో నున్నగా అంటుకుని ఉండేది పాటినా, అది కూడా ఆక్సైడే కానీ గట్టిగా పట్టుకుని కింద స్టీలుకి కొంత కాపలా కాస్తుంది. మొదటిది పోవాలి, రెండోది ఉండాలి. తేడా తెలియక మొత్తం మెరుగు పెట్టే బఫ్ చక్రానికి పెట్టేస్తే చాకు మెరుస్తుంది, బ్లేడు పల్చబడుతుంది, మొదలు మీద కొట్టిన ముద్ర చెరిగిపోతుంది, వేడెక్కితే స్టీలు గట్టిదనమే దిగిపోతుంది. ఈ చాకు మీద ముద్రలో సగం అక్షరాలే మిగిలాయి, ఆ సగాన్ని నా చేతులతో చెరపదల్చుకోలేదు, అక్కడ టేపు అంటించేశాను.

వాడినవి: అన్నిటికన్నా సన్నదైన 0000 నంబరు స్టీల్ ఊల్ (ఉక్కు పీచు), నూనె, ఒక ఇత్తడి రేకు ముక్క. ఇత్తడి స్టీలు కన్నా మెత్తన, అందుకే తుప్పు గుల్లల్ని గీకితే అవి ఊడతాయి గానీ బ్లేడు మీద గీత పడదు. వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే ఇంత శ్రమ ఉండదు, నిజమే. కానీ ఆమ్లానికి తుప్పూ పాటినా రెండూ ఒకటే, పైగా ఎముకలో ఉన్న కాల్షియంని కూడా తింటుంది. పిడి విప్పకుండా చేసే పనికి అది సరిపడదు.

మూడు గంటలు పట్టింది. క్లిప్ మీద ఎరుపు పోయాక సన్నటి గుంటలు బయటపడ్డాయి, ఒక వైపు ఆవాలు చల్లినట్టున్నాయి. అవి అంచు దగ్గర లేవు కాబట్టి కోతకి అడ్డం కాదు, వదిలేశాను. గుంట అడుగు దాకా బ్లేడుని అరగదీయడం కంటే గుంటతో బతకడమే మేలు. లోపలి ఇత్తడికి పట్టిన పచ్చటి చిలుము మాత్రం పూర్తిగా తీశాను, అది ఉన్నచోట తేమ నిలుస్తుంది.

మా వాళ్లలో ఒకరు అడిగారు, ఇది స్టెయిన్‌లెస్ అయ్యుంటే ఈ బాధ ఉండేది కాదు కదా అని. ఉండేది కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం స్టీలు పోత పోసింది 1913లో, ఆ తర్వాత చాకుల్లోకి అది మెల్లగా పాకింది. అయినా కార్బన్ స్టీలుని ఇష్టపడేవాళ్లం ఇంకా ఉన్నాం, సాన మీద తొందరగా పదునెక్కుతుంది, చేసిన పనిని రంగుగా ఒంటి మీద రాసుకుంటుంది.

రోజు 6

నిన్న చూడలేదు, ఇవాళ జేబులో ఉత్తినే పెట్టి చూస్తే తెలిసింది. క్లిప్ మూసి ఉన్నప్పుడు దాని మొన పిడి అంచు దాటి కొద్దిగా బయటికి కనిపిస్తోంది. వేలు అడ్డంగా పోనిస్తే గోకుతోంది. జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా గుచ్చుకునే చాకుని ఎవరూ మోయలేరు, ఇది సరిచేయాల్సిందే.

కారణం ఏళ్ల తరబడి పట్టిన సాన. అంచు వైపు నుంచి లోహం పోతున్నకొద్దీ మొన వెన్ను వైపుకి జరుగుతూ వస్తుంది, మూసినప్పుడు వెన్ను బయటి వైపు ఉంటుంది కాబట్టి మొన పైకి తేలుతుంది. దీనికి మందు కిక్ దగ్గరుంది. బ్లేడు మొదట్లో అంచు వైపు చిన్న బొడిపె ఉంటుంది, మూసినప్పుడు అదే స్ప్రింగ్ మీద ఆని, బ్లేడు ఎంత లోతుకి దిగాలో నిర్ణయిస్తుంది. దాన్ని కాస్త అరగదీస్తే బ్లేడు కిందికి దిగుతుంది.

ఆ కాస్త అంటే ఎంత అన్నదే టెన్షన్. కొలిచాను. కీలు మేకు నుంచి కిక్ దూరం 6 మిల్లీమీటర్లు, మొన దూరం 60 పైన. పది రెట్లు. కిక్ దగ్గర 0.1 మిల్లీమీటరు తీస్తే మొన దగ్గర 1 మిల్లీమీటరు దిగుతుంది. ఆకురాయితో నాలుగు లాగుళ్లు ఎక్కువైతే అంచు వెళ్లి స్ప్రింగ్‌ని కొట్టుకుంటుంది, తీసినదాన్ని మళ్లీ అతికించలేం.

స్ప్రింగ్‌కి టేపు వేసి, బ్లేడు సగం తెరిచి పట్టుకుని, వజ్రపు పొడి అద్దిన చిన్న ఆకురాయితో మూడు లాగుళ్లు, మూసి చూడటం. మళ్లీ మూడు, మళ్లీ చూడటం. ప్రతిసారీ గాడిలో సన్నటి కాగితం పీలిక పెట్టి బ్లేడు మెల్లగా మూసి, కాగితం మీద కోత పడిందా అని వెలుతురుకి పెట్టి చూశాను. పద్దెనిమిది లాగుళ్లకి మొన లోపలికి వెళ్లిపోయింది. కాగితం మీద కోత లేదు. వేలు పోనిస్తే నున్నగా ఉంది. సంతోషంగా పడుకున్నాను.

రోజు 7

ఈ రోజు తప్పు జరిగింది, రాసి పెడుతున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

పొద్దున్నే అంచు చూద్దామని దీపం కింద పట్టుకుంటే క్లిప్ మధ్యలో ఒక చుక్క మెరిసింది. పదునైన అంచు వెలుతురుని తిప్పికొట్టదు, అది ఒక గీతలాగా కూడా కనిపించదు, కనిపించిందంటే అక్కడ మొద్దుబారినట్టే. గుండె ఝల్లుమంది. బ్లేడు స్ప్రింగ్‌ని కొడుతోంది. నిన్న కాగితం పరీక్ష నెగ్గింది కదా అనుకుని మళ్లీ చేశాను, మళ్లీ నెగ్గింది. అప్పుడు అర్థమైంది, నేను పరీక్ష చేసింది మెల్లగా మూసి. రాత్రి ఆ శబ్దం బాగుందని పదిసార్లు వదిలేసి టక్‌మని మూశాను. స్ప్రింగ్ బలానికి కిక్ వచ్చి కొట్టుకున్నప్పుడు స్ప్రింగే క్షణంపాటు వంగుతుంది, ఆ వంగినంత మేర బ్లేడు ఇంకా కిందికి పోతుంది. ఆ వెంట్రుకవాసే చాలింది.

కిక్‌ని మళ్లీ పెంచాలంటే సుత్తితో కొట్టి పొంగించాలి, గట్టి స్టీలు, పగిలే ప్రమాదం ఉంది. అది చెయ్యను. ఇంకో దారి ఉంది, తగిలే చోట అంచునే సాన మీద కొద్దిగా లోపలికి తెచ్చుకోవడం. ఎలాగూ పదును పెట్టాలి. కాబట్టి కాగితం పరీక్ష చేసేవాళ్లు మెల్లగా ఒకసారి, వదిలేసి ఒకసారి, రెండు రకాలుగానూ చెయ్యండి.

రోజు 9

సాన. రెండు రాళ్లు చాలు, 1000, 3000 (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన). ఇంత సన్నటి బ్లేడుకి గరుకు రాయి అక్కర్లేదు. అంచు మొత్తం మీద మార్కర్‌తో నల్లగా పూసుకుని రాయి మీద రెండుసార్లు లాగి చూస్తాను, నలుపు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతున్నట్టు. నలుపు అంచు కొసన పోవాలి, పైన పోతే బ్లేడుని ఎక్కువ పడుకోబెట్టినట్టు. ఒక్కో పక్కకి 15 డిగ్రీల దగ్గర పెట్టాను, గట్టి చెక్క నరికే పని లేదు కాబట్టి సన్నగానే ఉండనిచ్చాను.

ఒక వైపు రుద్దుతూ పోతే రెండో వైపు సన్నటి రేకు లేస్తుంది. దాన్ని కంటితో చూడటం కష్టం. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకి, ఎప్పుడూ అంచు దాటి బయటికే, మెల్లగా జార్చితే చివర్లో గోటికి దారం తగిలినట్టు తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా అంతటా తగిలేదాకా వైపు మార్చకూడదు. క్లిప్ మధ్యలో ఆ మెరిసే చుక్క పోవడానికి ఒక్కో వైపు నలభై లాగుళ్లు పట్టింది. ఆ తర్వాత వదిలేసి మూసినా కాగితం తెగలేదు.

షీప్స్‌ఫుట్ అయిదు నిమిషాల్లో అయిపోయింది. తిన్నటి అంచు, పాత మంచి స్టీలు, ఒకరి చేతిలో ఏళ్లపాటు ఒకే కోణంలో పట్టిన సాన. నేను ఆ కోణాన్నే వెతుక్కుని అందులోకి దిగాను. చివరికి తోలు పట్టీ మీద ఒక్కో వైపు ఇరవై. కాగితం నిలువునా పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా దిగింది.

స్పేని ముట్టుకోలేదు.

రోజు 10

పిడి. ఎముకలో ఒక మేకు దగ్గర వెంట్రుకలాంటి పగులు ఉంది. పల్చటి సూపర్ గ్లూ సూది మొన మీద చుక్క తీసుకుని పగులుకి తాకిస్తే దానంతట అదే లోపలికి పీల్చుకుంది. మిగతా ఎముకకి మినరల్ ఆయిల్ పల్చగా రుద్ది, ఒక రాత్రి ఉంచి తుడిచేశాను. గాట్ల మధ్య ముదురు గోధుమ రంగు తేలింది. అంతే.

ఒక హెచ్చరిక కూడా. ఇచ్చినాయన పెట్టెలో ఇంకో చాకు ఉంది, పిడి సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. పాత సెల్యులాయిడ్ చెడిపోవడం మొదలెడితే నత్రికామ్లపు ఆవిర్లు వదులుతుంది, దాని బ్లేడ్లే కాదు, పక్కన పడుకున్న చాకులు కూడా తుప్పు పడతాయి. దాన్ని వెంటనే వేరు చేసి గాలి ఆడేచోట పెట్టించాను. ఈ చాకుకి పట్టిన తుప్పులో సగం ఆ పొరుగు వల్లే అని నా అనుమానం.

రోజు 11 నుంచి 20

జేబులోనే ఉంది. రాయడానికి పెద్దగా లేదు, అదే మంచి వార్త. అట్టపెట్టెలు, దారాలు, పెన్సిళ్లు, ఆపిల్ పళ్లు. మొదటి ఆపిల్ కోసి తుడవకుండా పది నిమిషాలు ఉంచితే క్లిప్ మీద నీలం బూడిద కలిసిన మబ్బు ఒకటి దిగింది, నేను రుద్దిన చోట్లు పాత పాటినాతో కలవడం మొదలైంది. పద్నాలుగో రోజు మాత్రం ఎక్కువ నడిచాను, చెమటకి పొద్దున లేచేసరికి మొదలు దగ్గర నారింజ రంగు చుక్క. నూనె గుడ్డతో రుద్దితే పోయింది. అప్పటినుంచి రాత్రి జేబులు ఖాళీ చేసేటప్పుడు ఒకసారి తుడిచి పెడుతున్నాను.

పదహారో రోజు అందరం కలిశాం, బల్ల మీద ఎవరి చాకు వాళ్లు పెట్టారు. ఒకరిది ఓపినెల్ నంబర్ 8, బ్లేడు 8.5 సెంటీమీటర్లు, బీచ్ చెక్క పిడి. జోసెఫ్ ఓపినెల్ 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్‌లో మొదలుపెట్టిన రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు, తిప్పి బిగించే ఉంగరం ఒక్కటి 1955లో వచ్చి చేరింది. తేమకి చెక్క ఉబ్బి బ్లేడు ఇరుక్కుంటే పిడి మడమని గట్టి బల్ల మీద టక్కున కొట్టి మొన బయటికి తెప్పిస్తారు, ఆయన చేసి చూపించారు. ఇంకొకరిది జపాన్ హిగోనోకామి. స్ప్రింగ్ లేదు, తాళం లేదు, మడిచిన ఒక రేకు పిడిలో ఒక బ్లేడు, వెనక చిన్న తోక, ఆ తోక మీద బొటనవేలు ఆన్చి ఉంచితేనే బ్లేడు నిలుస్తుంది. ఇంత తక్కువ వస్తువుతో ఇంత పని చేసే చాకు ఇంకోటి లేదని నేను నమ్ముతాను. మూడో ఆయనది స్విస్ చాకు, దాన్ని అందరూ ఎరుగుదురు, కార్ల్ ఎల్సనర్ స్విస్ సైన్యానికి 1891లో తన మొదటి చాకులు ఇచ్చాడు, అది కూడా స్లిప్‌జాయింటే అని చాలామంది గమనించరు.

నా చాకు చేతులు మారింది. అందరూ మొదట చేసిన పని ఒకటే, చెవి దగ్గర పెట్టుకుని మూడూ తెరిచి విన్నారు. ఒకరు గుంటల్ని చూసి ఎందుకు తీయలేదన్నారు. కారణం చెప్పాను. ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

జేబులో పెట్టుకుని తిరగాలనుకునే కొత్తవాళ్లకి ఒక మాట, మీరున్న చోటి చట్టం ముందు చదవండి. బ్రిటన్‌లో తాళం పడని, కోసే అంచు 3 అంగుళాలు దాటని మడత చాకుని ఏ కారణం చూపకుండా మోయొచ్చు. ఇంకోచోట లెక్క వేరు. విమానం క్యాబిన్ సంచిలో మాత్రం పెట్టుకోకండి, తీసేసుకుంటే తిరిగి రాదు.

రోజు 24

క్లిప్ పక్కలకి కొద్దిగా ఊగుతోంది. తెరిచి మొన పట్టుకుని కదిపితే అరమిల్లీమీటరు అటూ ఇటూ. మేకు తలని చిన్న సుత్తితో కొట్టి బిగించొచ్చు, చెయ్యి తిరిగినవాళ్లు చేస్తారు. కానీ ఈ చాకులో మేకు తలలు నికెల్ సిల్వర్‌తో కలిపి నున్నగా రుద్దేసి ఉన్నాయి, ఎక్కడుందో కనిపించదు. కొట్టానంటే చుట్టూ గుంట పడుతుంది, ఇంకో దెబ్బ ఎక్కువైతే బ్లేడు మళ్లీ బిగుసుకుంటుంది. కోతలో తేడా ఏమీ తెలియడం లేదు. వదిలేశాను.

రోజు 29

ఇన్నాళ్లకి స్పేకి పని దొరికింది. గాజు సీసా మీద పాత కాగితం లేబుల్ అంటుకుపోయి ఉంది, క్లిప్ మొన గాజు మీద గీస్తుంది, షీప్స్‌ఫుట్ మూల గుచ్చుకుంటుంది. స్పే మొద్దు మొన, కొద్దిగా వంగిన అంచు లేబుల్ కిందికి దూరి పొడవాటి పీలికలా లేపుకుంటూ పోయింది, సీసా మీద ఒక్క గీత పడలేదు. జిగురు తుడిచి, ఫ్యాక్టరీ అంచు వెలుతురుకి పెట్టి చూశాను. మధ్యలో ఒక చిన్న చుక్క మెరిసింది. రేపు 3000 రాయి తడపాలి.